కోడికునుకు, కప్పనిద్ర: అశోక్‌నగర్ సిస్టమ్‌ల చరిత్ర

"సేవ్ కొట్టినవా?"

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ దాకా ఏ డీటీపీ షాపులోనైనా కరెంటు పోగానే మొదట వినపడే మాట ఇదే. జవాబు "లేదు" అయితే రెండో మాట వస్తుంది. దాన్ని పత్రికలో అచ్చు వేయలేం.

నేను 1997లో నల్లగొండ నుంచి ఇక్కడికి వచ్చాను. ఇంగ్లిష్ హయ్యర్, తెలుగు లోయర్ టైపు పాసైన సర్టిఫికెట్లు, ఒక ఇనప్పెట్టె, అంతే నా ఆస్తి. రెండేళ్లు చిక్కడపల్లిలో ఒక డీటీపీ సెంటర్లో పని నేర్చుకుని, 1999లో అశోక్‌నగర్ సందులో సొంత షాపు పెట్టాను. రెండు సిస్టమ్‌లు, ఒక లేజర్ ప్రింటర్, ఒక యూపీఎస్, వీధిలోకి ఒక బల్ల. ఇన్నేళ్లలో ఎన్ని పేజీలు కొట్టానో లెక్క లేదు కానీ, ఎన్ని పోగొట్టుకున్నానో మాత్రం బాగా గుర్తు. పోయినవన్నీ ఎక్కువగా ఒకే వేళలో పోయాయి. పని చేస్తున్నప్పుడు కాదు, పని ఆపి లేచినప్పుడు. అందుకే సిస్టమ్‌ని ఎలా పనిచేయించాలి అన్నదానికన్నా ఎలా పడుకోబెట్టాలి అన్నదే మా వృత్తి చరిత్ర అనిపిస్తుంది నాకు.

ఈ వృత్తి ఇక్కడే ఎందుకు పాతుకుందో ముందు చెప్పాలి. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది. సభ అంటే ఆహ్వానపత్రం, ఆహ్వానపత్రం అంటే మేము. సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. పొద్దున చదువుకోవడానికి వచ్చినవాడు సాయంత్రం అప్లికేషన్ కొట్టించుకోవడానికి మా దగ్గరికే వస్తాడు. నారాయణగూడ వైపు వైఎంసీఏ, కాలేజీలు. ఆ పక్కనే హిమాయత్‌నగర్‌లో 1968లో పుట్టిన తెలుగు అకాడమీ. గ్రూప్స్ రాసేవాళ్లకు దాని పుస్తకాలే వేదం. ఇక అశోక్‌నగర్ నిండా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెస్సులు. నోట్సులు, మాక్ టెస్టులు, బిట్ బ్యాంకులు. ఒక ఉద్యోగ ప్రకటన పడిందంటే మాకు పండగ.

నేను పని నేర్చుకున్న షాపులో విండోస్ 95 సిస్టమ్ ఉండేది. ఆ సిస్టమ్‌కి నిద్ర తెలియదు. ఉంటే మెలకువ, లేకపోతే చావు. షట్‌డౌన్ కొడితే తెర నల్లబడి, నారింజ రంగు అక్షరాలతో ఇక స్విచ్ తీసేయొచ్చని అనుమతి ఇచ్చేది. అప్పుడు సీపీయూ ముందున్న లావు బటన్‌ని టక్‌మని నొక్కాలి. అది నిజమైన స్విచ్. నొక్కితే కరెంటు తెగేది. తర్వాత ఇంటెల్ 1995లో రూపొందించిన ఏటీఎక్స్ పద్ధతి క్యాబినెట్లు మా బజారుకు వచ్చాయి. వాటి బటన్ స్విచ్ కాదు, విన్నపం. మనం నొక్కి అడిగితే సిస్టమ్ తనంతట తాను ఆగుతుంది. ఆగాక కూడా లోపల ఐదు వోల్టుల సన్నని ధార పారుతూనే ఉంటుంది. మదర్‌బోర్డు మీద చిన్న లైటు వెలుగుతూ కనిపిస్తుంది. కంప్యూటర్ కునుకు తీయడానికి వీలు కలిగించింది ఆ ధారే.

నిద్ర వెనక అసలు చదువు అమెరికాలో జరిగింది. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఏపీఎం అనే ఏర్పాటు తెచ్చాయి. అదే ఏడాది అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఎనర్జీ స్టార్ ముద్ర మొదలుపెట్టింది. ఆ ముద్ర తొలుత పడింది కంప్యూటర్లకు, మానిటర్లకే. 1996 చివర్లో తోషిబాను కూడా కలుపుకుని ఏసీపీఐ వచ్చింది. నేటి నిద్రలన్నిటికీ తల్లి అదే. ఇవేవీ అప్పట్లో మాకు తెలియవు. మానిటర్ లైటు పచ్చ నుంచి నారింజకు మారితే "పాడైంది" అనుకుని చెంపదెబ్బ కొట్టిన రోజులు అవి.

కరెంటు పోతే గతేమిటి మరి? అప్పట్లో తెలుగు కంపోజింగ్ అంటే పేజ్‌మేకరే. దానిలో ఒక మంచి గుణం ఉండేది. పేజీ మార్చినప్పుడల్లా మనకు చెప్పకుండా పనిని లోపల ఒకసారి దాచుకునేది. ఒకసారైనా పేరు పెట్టి సేవ్ చేసిన ఫైలైతే, కరెంటు వచ్చాక తెరిస్తే చివరిగా పేజీ తిప్పినప్పటి దాకా దొరికేది. అందుకే పాత ఆపరేటర్లు కారణం లేకుండా ముందు పేజీకి వెళ్లి వెనక్కి వస్తుండేవాళ్లు. చూసేవాళ్లకు చాదస్తంలా ఉండేది.

మా ప్రూఫ్‌రీడర్ మాస్టారు దీన్ని చూసి నవ్వేవారు. ఆయన లెటర్‌ప్రెస్ కాలం మనిషి, కంపోజిటర్‌గా మొదలుపెట్టి సీసపు అక్షరాలతో వేళ్లు నల్లబరచుకున్నవారు. "మాకూ ఇదే తిప్పలయ్యా. పేజీ కూర్చాక చుట్టూ దారం బిగించి కట్టాలి. కట్టకుండా గ్యాలీలో వదిలేసి అన్నానికి పోతే, ఎవడి మోచెయ్యో తగిలేది. నాలుగు గంటల పని నేలమీద కలగాపులగం. ఏరుకుని మళ్లీ కేసులో వేసుకోవడానికి ఇంకో పూట" అనేవారు. అప్పుడు అది ముసలాయన కబురు అనుకున్నాను.

2000 ఆగస్టు మా వీధికి రెండు పాఠాలు చెప్పింది. 24న హైదరాబాద్‌లో 24 సెంటీమీటర్లు దాటిన వాన పడింది. హుస్సేన్‌సాగర్ మిగులు నీరు పోయే నాలా మా పక్కనుంచే వెళ్తుంది. అది పొంగి సందులోకి వచ్చింది. నేలమీద పెట్టిన సీపీయూలు రెండూ మునిగాయి. హార్డ్ డిస్కులు ఎండబెట్టి చూశాం, ఒకటే బతికింది. ఆ రోజు నుంచి మా షాపులో సీపీయూ బల్ల మీదే ఉంటుంది. అది జరిగిన నాలుగు రోజులకు, 28న, కరెంటు చార్జీల పెంపు మీద ఊరేగింపుగా వచ్చినవాళ్లపై బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. మా షాపు నుంచి అక్కడికి నడిచి వెళ్లేంత దూరం. అంతకుముందు ఏడాదే విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడదీశారు. యూనిట్ అనే మాట ఇంట్లో వంటగది దాకా వచ్చింది.

నేనూ లెక్క వేసుకున్నాను. వంద వాట్లు తినే సిస్టమ్ పదిగంటలు ఊరికే వెలిగితే ఒక యూనిట్. పాత లావు మానిటర్‌తో కలిపితే ఇంకా ఎక్కువే. కమర్షియల్ మీటరు, రెండు సిస్టమ్‌లు, నెలకు ముప్పై రోజులు. ఊరికే వెలగనివ్వకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

2003లో మా షాపుకు ఎక్స్‌పీ వచ్చింది. ఆపేటప్పుడు మూడు బటన్‌లు చూపేది. ఎరుపు ఆపడానికి, పచ్చ మళ్లీ మొదలవడానికి, పసుపు స్టాండ్‌బైకి. పసుపు నొక్కితే ఫ్యాను ఆగి, తెర ఆరి, షాపు ఒక్కసారి నిశ్శబ్దమయ్యేది. మౌస్ కదిపితే రెండు మూడు సెకన్లలో తెరిచిన ఫైలు తెరిచినట్టే కళ్లముందు. నాకది మాయలా అనిపించింది. షాపులో పనిచేసే కుర్రాడు దానికి "కోడికునుకు" అని పేరు పెట్టాడు. నిజంగా అంతే. కళ్లు మూసినట్టే ఉంటుంది, చిన్న అలికిడికి లేస్తుంది.

ఆ కునుకులో ఏం జరుగుతుందో చెప్తాను. తెరిచిన పనంతా ర్యామ్‌లో ఉంటుంది. ర్యామ్ అంటే కోట్ల చిల్లు కుండల వరస లాంటిది. పోసిన చార్జి కారిపోతూనే ఉంటుంది, కాబట్టి నింపుతూనే ఉండాలి. మామూలుగా ప్రతి 64 మిల్లీసెకన్లలోపు మొత్తం ఒకసారి నింపుతుంది, అంటే సెకనుకు దాదాపు పదహారుసార్లు. స్టాండ్‌బైలో ప్రాసెసర్, డిస్కు, తెర, ఫ్యాను అన్నీ ఆగిపోయి ఈ నింపే పని ఒక్కటే సాగుతుంది. దానికి కొద్ది వాట్లు చాలు. కానీ ఆ కొద్ది వాట్లు ఆగితే కుండలన్నీ ఖాళీ.

అది నాకు 2004 వేసవిలో తెలిసింది. ఒక కోచింగ్ సెంటర్ జాగ్రఫీ నోట్సుకు గోదావరి, కృష్ణా ప్రాజెక్టుల పటం కోరల్‌డ్రాలో గీస్తున్నాను. ఉపనదులు, కాలువలు, ఆనకట్టల పేర్లు, మూడు గంటల పని. మధ్యమధ్య ఆటో బ్యాకప్ వచ్చి చేతిని ఆపుతోందని దాన్ని నేనే తీసేసి ఉంచాను. మధ్యాహ్నం టీకి లేస్తూ పసుపు బటన్ నొక్కాను. చాయ్ సగంలో ఉండగా కరెంటు పోయింది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా హాళ్ల జనరేటర్లు మొదలైన చప్పుడు. నేను తొందరపడలేదు. యూపీఎస్ ఉంది, సిస్టమ్ నిద్రలో ఉంది, ఎంత తింటుంది గనక?

తిరిగి వచ్చేసరికి కుర్రాడు తెల్లమొహంతో నిలబడి ఉన్నాడు. "అన్నా, నా సిస్టమ్‌ల ప్రింట్లు తీస్తున్న. యూపీఎస్ కూతపెట్టి బంద్ అయింది." రెండు సిస్టమ్‌లకూ యూపీఎస్ ఒకటే. నాది నిద్రపోతుంటే మెలకువగా ఉన్నది మొత్తం బ్యాటరీని తాగేసింది. కరెంటు వచ్చాక సిస్టమ్ మొదటి నుంచి లేచింది, పాపం ఏమీ తెలియనట్టు. గోదావరి లేదు, కృష్ణ లేదు. మాస్టారు ప్రూఫులు పక్కన పెట్టి ఒకే మాట అన్నారు. "దారం కట్టలేదు."

సిస్టమ్‌కి ఆ దారం ఎలా కట్టాలో చెప్పింది మా దగ్గర బయోడేటా కొట్టించుకునే ఒక గ్రూప్స్ అభ్యర్థి. జువాలజీ ఎమ్మెస్సీ. పసుపు బటన్ చూపించి, షిఫ్ట్ నొక్కిపట్టమన్నాడు. నొక్కగానే స్టాండ్‌బై పోయి హైబర్నేట్ అని పేరు మారింది. ఏడాదిగా నా వేలికిందే ఉంది! "మా పుస్తకాల్లో శీతాకాల సుప్తావస్థ అంటరు సార్. చలికాలం కప్ప మట్టిల దాక్కుంటది. తినదు, కదలదు, చావదు" అన్నాడు. తర్వాత నవ్వి, "హైదరాబాద్‌ల కరెంటు పోయేది ఎండాకాలం గదా. మీ సిస్టమ్‌ది గ్రీష్మకాల సుప్తావస్థ అనాలె" అన్నాడు. ఆ కాలపు నిద్ర కూడా కప్పలకు ఉంది. తొలకరికి బెకబెకమంటూ లేచేవి అవే. మా షాపులో అప్పటినుంచి హైబర్నేషన్ "కప్పనిద్ర" అయింది.

కప్పనిద్రలో ర్యామ్‌లో ఉన్నదంతా హార్డ్ డిస్కు మీద ఒక పెద్ద ఫైలుగా రాసుకుని సిస్టమ్ పూర్తిగా ఆగుతుంది. నాకు అప్పుడు 256 ఎంబీ ర్యామ్. సీ డ్రైవ్‌లో హైబర్‌ఫిల్ అనే ఫైలూ అంతే. రాసుకోవడానికి అర నిమిషం. ఆ తర్వాత మెయిన్ స్విచ్ తీసేసినా, ప్లగ్గు పీకేసినా దిగుల్లేదు. పొద్దున బటన్ నొక్కితే డిస్కు నుంచి మళ్లీ ర్యామ్‌లోకి పోసుకుని, రాత్రి కర్సర్ ఎక్కడ మినుకుతోందో అక్కడే లేస్తుంది. పేజ్‌మేకర్, ఫాంట్లు, పది ఫైళ్లు అన్నీ మళ్లీ తెరుచుకునే పని తప్పింది.

అయితే కప్పకూ రోగాలున్నాయి. మా తెలుగు లిపి సాఫ్ట్‌వేర్లలో ఒకదానికి సిస్టమ్ వెనక గుచ్చే డాంగిల్ ఉండేది. నిద్ర లేచాక సిస్టమ్ దాన్ని గుర్తుపట్టేది కాదు, అక్షరాలు కొడితే పడేవి కావు. ప్రింటర్ కూడా కొన్నిసార్లు అలిగేది. వారాల తరబడి కప్పనిద్రతోనే నెడితే సిస్టమ్ బరువెక్కి ఈడ్చేది, ఒకసారి పూర్తిగా ఆపి లేపితేగాని తేరుకునేది కాదు. అన్నిటికన్నా ప్రమాదం పెన్‌డ్రైవ్. ఒకసారి పెన్‌డ్రైవ్ ఉండగానే సిస్టమ్‌ని పడుకోబెట్టి, దాన్ని పీకి ఇంకో సిస్టమ్‌లో ఫైళ్లు మార్చి, తెచ్చి మళ్లీ పెట్టి లేపాం. లేచిన సిస్టమ్ బుర్రలో నిద్రకు ముందున్న ఫైళ్ల జాబితానే ఉంది. దాని ప్రకారం రాసేసింది. ఒక కవిగారి పుస్తకం సగం మాయమైంది. ఆయన మంచివారు, మళ్లీ రాసిచ్చారు. రెండోసారి రాసింది ఇంకా బాగుందని మాస్టారు అన్నారు, అది వేరే సంగతి.

2007లో వచ్చిన విస్టా ఈ రెండు నిద్రలనూ కలిపింది. స్టాండ్‌బై పేరు స్లీప్ అయింది. డెస్క్‌టాప్ స్లీప్‌లోకి వెళ్తూ డిస్కు మీద కూడా ఒక నకలు రాసుకునేది. కరెంటు ఉంటే కోడిలా లేస్తుంది, పోతే కప్పలా లేస్తుంది. నా గోదావరి పటం నాటికి ఇది ఉండుంటే ఎంత బాగుండేది! మాకు మాత్రం విండోస్ 7తోనే ఇది చేతికొచ్చింది.

దాని విలువ 2012, 2013ల్లో తెలిసింది. ఏ ఏరియాకు ఎప్పుడు కోతో పేపర్లో చూసుకుని పెళ్లికార్డుల డెలివరీ టైము చెప్పిన రోజులవి. 2012 జూలై 30న ఉత్తర గ్రిడ్డు, 31న దానితోపాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్డులు కుప్పకూలి అరవై కోట్లకు పైగా జనం చీకట్లో పడ్డారు. ఆ రెండు రోజులూ మాకు మాత్రం మామూలు కోతలే. దక్షిణ గ్రిడ్డు అప్పటికి వాటితో ఏకం కాలేదు, 2013 డిసెంబర్ 31న గానీ కలవలేదు. తెలంగాణ వచ్చాక నగరంలో కోతలు తగ్గిపోయాయి. విచిత్రం ఏమిటంటే, కోతలు తగ్గాకే సిస్టమ్‌లను సరిగా ఆపడం అందరం మరిచిపోయాం. భయం పోతే దారం కూడా పోతుంది.

విండోస్ 8తో ఇంకో మలుపు వచ్చింది. అది 2012 అక్టోబర్‌లో విడుదలైంది. షట్‌డౌన్ కొట్టినా అది పూర్తిగా చావదు. యూజర్ పనులన్నీ మూసేసి, గుండెకాయ లాంటి భాగాన్ని మాత్రం కప్పనిద్రలో దాస్తుంది, పొద్దున తొందరగా లేవడానికి. అందుకే ప్రింటర్ మొండికేస్తే ఫోనులో ఇంజినీర్ "రీస్టార్ట్ కొట్టండి" అంటాడు. "రాత్రే బంద్ చేసినం సార్" అంటే ఒప్పుకోడు. అతను చెప్పేది నిజమే. ఆ ఏర్పాటు ఉన్నంతకాలం పూర్తిగా కడిగి లేపేది మామూలు షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్.

ఇక మెట్రో కడుతున్న కాలం. చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా స్తంభాలు లేస్తున్నాయి. రాత్రి స్లీప్‌లో పెట్టి తాళం వేసిన సిస్టమ్ పొద్దున వచ్చేసరికి మేలుకుని ఉండేది. దయ్యమన్నాడు కుర్రాడు. ఎవరు లేపారో చెప్పే ఒక కమాండ్ ఉంది, అది కొట్టి చూస్తే మౌస్ పేరు చూపింది. భారీ లారీలు వెళ్తే బల్ల అదిరేది, బల్ల మీది ఆప్టికల్ మౌస్ ఒక వెంట్రుకవాసి కదిలేది, కోడి లేచేది. లేపే హక్కు మౌస్ నుంచి తీసేసి కీబోర్డుకే ఉంచాక దయ్యం వదిలింది.

మనుషుల వల్ల వచ్చిన తప్పు ఇంకొకటి ఉంది, అది నా సొంత తప్పు. 2014 ఆగస్టులో టీఎస్‌పీఎస్సీ ఏర్పడ్డాక దరఖాస్తులన్నీ ఆన్‌లైనే. మా షాపులో ఒక అమ్మాయి వివరాలు నింపుతూ మధ్యలో ఫోటో తేవడానికి వెళ్లింది. సిస్టమ్ నిద్రపోయింది. తర్వాత వచ్చిన ఎవరో మౌస్ కదిపితే ఆమె పుట్టినతేదీ, ఆధార్, ఫోన్ నంబరు అన్నీ తెరమీద. ఎవరూ దుర్వినియోగం చేయలేదు, అది అదృష్టం. నిద్రపోయిన సిస్టమ్ ఎవరు లేపితే వాళ్ల మాటే వింటుంది. ఆ సాయంత్రమే లేవగానే పాస్‌వర్డ్ అడిగేలా పెట్టాను. కస్టమర్ల సిస్టమ్ ఇప్పుడు ఏ నిద్రా పోదు, ప్రతి మనిషికీ లాగ్ ఆఫ్ చేయాల్సిందే.

జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. ఇక గిరాకీ పెరుగుతుందని అందరం లెక్కలేసుకున్నాం. ఆరు వారాలకే జనతా కర్ఫ్యూ వచ్చింది. మార్చి 21, శనివారం రాత్రి షాపు మూస్తూ, సోమవారం వస్తాం కదా అని మొదటి సిస్టమ్‌ని స్లీప్‌లో పెట్టాను. రెండోదాన్ని అలవాటుగా కుర్రాడు కప్పనిద్రలో పెట్టి దాని ప్లగ్గు తీసేశాడు.

లాక్‌డౌన్ పడింది, మా సోమవారం రాలేదు. హాస్టళ్లు ఖాళీ అయ్యాయి, మెస్సుల పొయ్యిలు ఆరాయి, లైబ్రరీకి తాళం. మే నెలాఖర్లో షట్టరు ఎత్తితే మూతికి గుడ్డ కట్టుకున్నా దుమ్ము వాసన వచ్చింది. మొదటి సిస్టమ్ మొదటి నుంచి లేచింది. మధ్యలో ఎప్పుడో కరెంటు పోయి యూపీఎస్ ఖాళీ అయింది. నకలు కూడా లేదు. డిస్కులో చోటు చాలక నేనే అంతకుముందు హైబర్నేషన్‌ని మొత్తంగా తీసేసి ఉన్నాను. చోటు మిగిలింది గానీ దాంతోపాటు స్లీప్ వెనకున్న కాపలా కూడా పోయింది. ఒక టెస్ట్ సిరీస్ కీ అందులో పోయింది.

రెండో సిస్టమ్ బటన్ నొక్కాను. ఓ నిమిషం తిరిగింది. తెరమీద ఒక పెళ్లికార్డు వచ్చింది. ఏప్రిల్ పెళ్లి, నారాయణగూడలో ఫంక్షన్ హాలు. పెళ్లికొడుకు తాతగారి పేరులో ఒక ఒత్తు దిద్దాలి, ఆ ఒత్తు దగ్గరే కర్సర్ మినుకుతోంది. మూలన గడియారం మాత్రం మే నెల చూపిస్తోంది. రెండు నెలలు ఆ ఒక్క ఒత్తు కోసం అది అలా కాచుకుని ఉంది. ఆ ఇంటికి ఫోన్ చేశాను. "ఇంట్లనే చేసినం అన్నా, ఇరవై మందితోని. కార్డు ఇంక వద్దు" అన్నాడు పెళ్లికొడుకు. సరేనని, ఒత్తు దిద్ది, సేవ్ కొట్టి మూశాను.

ఇప్పుడు మా సందులో పిల్లలు రీడింగ్ రూముల నుంచి లాప్‌టాప్ మూత వేసి సంచిలో తోసుకుని వస్తారు. మూత వేస్తే ఆగిందనుకుంటారు. కొత్త లాప్‌టాప్‌లు చాలావరకు మూసినా ఫోనులాగా సన్నగా మేలుకునే ఉంటాయి, సంచిలో వేడెక్కుతాయి, పరీక్షరోజు బ్యాటరీ నిండుకుంటుంది. నా దగ్గరికి జిరాక్స్‌కు వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్తాను. టీకి పోతే స్లీప్ చాలు. ఇంటికి పోతే, సంచిలో పెడితే హైబర్నేట్ చేయండి, పెన్‌డ్రైవ్ ముందే తీసేయండి. వారానికి ఒకసారి రీస్టార్ట్ కొట్టండి. మీ వివరాలు ఇంకొకరి సిస్టమ్‌లో తెరిచి ఉంటే ఏ నిద్రా వద్దు, లాగౌట్ అయి కదలండి.

వీటన్నిటికీ ముందు కంట్రోల్ ఎస్. మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన చెప్పిన దారం అదే.